కోర్టుకి రానివాడి మీదే కొరడా

ఈమధ్య పుస్తకావిష్కరణ సభలకి వెళ్తే ఒక డిమాండు తప్పకుండా వినిపిస్తోంది. పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో పంచేవాళ్ళకీ, కథ ఎత్తుకుపోయి సినిమా తీసేవాళ్ళకీ కోట్లలో జరిమానా వెయ్యాలట. "ఒక్కడికి పడితే చాలు, మిగతా అందరూ దారికొస్తారు" అని వేదిక మీద ఎవరో ఒక పెద్దాయన అంటారు. హాలంతా చప్పట్లు.

నేను చప్పట్లు కొట్టను. రచయిత హక్కు మీద గౌరవం లేక కాదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచనే. ఆ లెక్కన పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకా నేను చేసేదీ సాహిత్య సృష్టే, హక్కు మాత్రం కంపెనీది! కాబట్టి రాసినవాడికి రావాల్సింది రాకుండా పోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. నా అభ్యంతరం వేరు. ఈ కొరడా మన దేశంలో ఇరవై ఏళ్ళుగా ఉంది. అది ఎవరి వీపు మీద పడుతోందో ఒక్కసారి కూడా చూడకుండా, ఇంకో నాలుగు కొరడాలు కావాలని అడగడం నాకు నచ్చదు. ఈ కొరడా ఎక్కువగా పడేది కోర్టుకి రానివాడి మీద. మన కథలు ఎత్తుకుపోగలిగినవాడు కోర్టుకి వస్తాడు, మంచి లాయర్ని పెట్టుకుని మరీ వస్తాడు.

పుట్టుక ఒక పుస్తకంలోనే

ముందు మాట అర్థం చూద్దాం. నీ వల్ల నాకు వెయ్యి రూపాయల నష్టం జరిగితే ఆ వెయ్యి నువ్వు కట్టడం నష్టపరిహారం. నీకు బుద్ధి రావాలని, చూసేవాళ్ళకి భయం కలగాలని ఆ వెయ్యి మీద ఇంకో పదివేలు వేస్తే అది శిక్ష. లాయర్లు దీన్ని ప్యూనిటివ్ డ్యామేజెస్ అంటారు. సివిల్ కోర్టు సాధారణంగా శిక్షలు వెయ్యదు. అది క్రిమినల్ కోర్టు పని. అందుకే ఈ రెండో అంకెకి ప్రత్యేకమైన కారణం కావాలి.

ఆ కారణాన్ని ఇంగ్లండులో లార్డ్ డెవ్లిన్ 1964లో రూక్స్ వర్సెస్ బర్నార్డ్ కేసులో గీత గీసి చెప్పాడు. సర్కారు మనుషులు అధికారంతో మనిషిని నలిపేస్తే వెయ్యొచ్చు. చట్టమే వెయ్యమంటే వెయ్యొచ్చు. మూడోది మనకి కావల్సింది: కట్టాల్సిన పరిహారం కన్నా వచ్చే లాభమే ఎక్కువని లెక్క చూసుకుని మరీ తప్పు చేసినవాడికి వెయ్యొచ్చు.

ఈ మూడో సూత్రానికి పేరు తెచ్చిన కేసు ఒక పుస్తకం గురించి. రెండో ప్రపంచ యుద్ధంలో పీక్యూ-17 అనే ఓడల కాన్వాయ్ నాశనం మీద డేవిడ్ ఇర్వింగ్ రాసిన పుస్తకాన్ని కాసెల్ అనే ప్రచురణ సంస్థ వేసింది. అందులో తన పరువు తీశారని ఆ కాన్వాయ్‌కి రక్షణగా వెళ్ళిన నౌకాదళ అధికారి బ్రూమ్ దావా వేశాడు. జ్యూరీ 15,000 పౌండ్లు పరిహారంగా, 25,000 పౌండ్లు శిక్షగా ఇచ్చింది. 1972లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని నిలబెట్టింది. పరువునష్టం అని తెలిసి కూడా అమ్మకాల కోసం తెగించారన్నది అక్కడి కారణం.

నాకు ఈ సూత్రంతో ఏ పేచీ లేదు. కాసెల్‌కి ఆఫీసుంది, అకౌంటెంట్లున్నారు, లాయర్లున్నారు. లెక్క వేయగలడు, వేశాడు, దొరికాడు. శిక్ష పడాల్సింది అలాంటివాడికే. మరి మన దగ్గర పడింది ఎవరికి?

టైమ్ వచ్చింది, అవతలివాడు రాలేదు

మన కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 55 చదవండి. ఇంజంక్షన్, నష్టపరిహారం, లాభాల లెక్క అని ఉంటుంది. ట్రేడ్‌మార్క్ చట్టం (1999) సెక్షన్ 135 కూడా దాదాపు అంతే. 'శిక్ష' అన్న మాట రెండిట్లోనూ లేదు. దాన్ని తీసుకొచ్చింది జడ్జీలు.

2005 జనవరిలో ఢిల్లీ హైకోర్టులో టైమ్ పత్రిక కేసు తీర్పొచ్చింది. ఎర్ర అంచు ముఖచిత్రంతో 'టైమ్ ఏషియా సంస్కరణ్' అని హిందీలో ఒక పత్రిక వేసుకుంటున్న వాళ్ళ మీద అమెరికా టైమ్ దావా వేసింది. కోర్టు 5 లక్షలు పరిహారం, ఇంకో 5 లక్షలు శిక్షగా ఇచ్చింది. ఇలాంటి కేసుల్లో పరిహారంతో సరిపెట్టకుండా శిక్ష కూడా వెయ్యాల్సిన సమయం వచ్చిందన్నారు జడ్జిగారు. కోర్టులో శిక్ష పడితే క్రిమినల్ కేసుల భారం కూడా తగ్గుతుందన్నది ఆయన వాదన. అప్పట్నుంచీ ఈ తీర్పు మేధోసంపత్తి కేసుల్లో మంత్రంలా వినిపిస్తూనే ఉంది.

ఆ తీర్పులో మనం పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ హిందీ పత్రికవాళ్ళు కోర్టుకి రాలేదు. అది ఎక్స్‌పార్టీ తీర్పు. మన దేశంలో ఈ కొరడాకి మూలపురుషుడైన తీర్పులోనే అవతలి పక్షం కుర్చీ ఖాళీ. ఎదురు వాదన లేదు, సాక్షిని అడ్డంగా ప్రశ్నించినవాడు లేడు, "ఆ 5 లక్షలు ఎలా తేలాయి స్వామీ" అని అడిగినవాడు లేడు.

ఇది తప్పని 2014లో అదే హైకోర్టు డివిజన్ బెంచ్ చెప్పింది. హిందుస్థాన్ యూనీలీవర్, రెకిట్ బెంకైజర్ల కేసు అది. సివిల్ కోర్టు శిక్షని క్రిమినల్ చట్టానికి బదులుగా వాడటం కుదరదంది. ముందు అసలు నష్టం ఎంతో తేల్చాలి, అది సరిపోదని తేలాకే శిక్ష గురించి ఆలోచించాలంది. గమనించండి, ఆ కేసులో రెండు పక్కలా పెద్ద కంపెనీలే. రెండు పక్కలా సీనియర్ లాయర్లే. అంటే శిక్షకి హద్దు గీయమని అడిగే స్థోమత ఉన్నవాళ్ళు వచ్చినప్పుడే హద్దు గీశారు.

తర్వాత 2019లో ఫిలిప్స్ కేసు. అందులో జడ్జిగారు ఒక పట్టిక ఇచ్చారు. తెలియక మొదటిసారి చేస్తే ఇంజంక్షన్ చాలు. తెలిసి మొదటిసారి చేస్తే ఇంజంక్షన్, కొంత ఖర్చులు. తెలిసి మళ్ళీ మళ్ళీ చేస్తే ఖర్చులతో పాటు కొంత పరిహారం. దానివల్ల వాదికి పెద్ద దెబ్బ తగిలితే పూర్తి పరిహారం. పథకం ప్రకారం చేసి, కోర్టు మాట కూడా ధిక్కరిస్తే ఆపైన అదనం. గ్యాంగ్‌స్టర్, మాఫియా లాంటి మాటలు ఆ చివరి మెట్టులో ఉన్నాయి. ఇంజనీరుని కాబట్టి నాకు ఇలాంటి పట్టికలు నచ్చుతాయి. ఎవరి మూడ్‌ని బట్టో కాకుండా మెట్లు ఉండటం మంచిదే. కానీ కోడ్ రివ్యూలో మేం మొదట అడిగే ప్రశ్న ఇక్కడ కూడా అడగాలి: ఏ ఇన్‌పుట్ మర్చిపోయారు? తప్పు చేసినవాడి స్థోమత ఆ పట్టికలో లేదు. లక్ష రూపాయల కొట్టూ, లక్ష కోట్ల కంపెనీ ఒకే వరసలో నిలబడతాయి.

గంజ్‌లో ఒక కాగితం

ఉస్మాన్‌గంజ్ తెలియనివాళ్ళకి రెండు మాటలు. మొజంజాహి మార్కెట్‌కీ బేగంబజార్‌కీ నడిచిపోయేంత దూరంలో కిరాణా హోల్‌సేల్ దుకాణాల గల్లీలు. పసుపు, ఎండుమిర్చి, చింతపండు, ఎండుకొబ్బరి, బెల్లం. బస్తాల మధ్య నుంచి హమాలీలు "జరుగు జరుగు" అంటూ తోసుకొస్తుంటారు. మిర్చి ఘాటుకి తుమ్మకుండా ఆ గల్లీ దాటినవాడు ఇంకా పుట్టలేదు. మా బాపు అక్కడ ఒక సేఠ్ దగ్గర ముప్పై ఏళ్ళు గుమాస్తా. కూడికలు, తీసివేతలు నేను నేర్చుకున్నది బడిలో కంటే ముందు ఆయన చిట్టా పుస్తకంలో.

బాపు పనిచేసే కొట్టు వెనక ఒకాయన టీ పొడి లూజుగా కొని, పాకెట్లు కట్టి, ఊళ్ళ నుంచి వచ్చే చిల్లర దుకాణాలవాళ్ళకి అమ్మేవాడు. ఆయన్ని నేను కాక అంటాను. పాకెట్ల మీద పేరు, రంగు, ఆకు బొమ్మ ఒక పెద్ద కంపెనీ పాకెట్‌ని గుర్తు చేసేలా ఉండేవి. ఒకరోజు మధ్యాహ్నం నల్లకోట్లు వచ్చాయి. కోర్టు నియమించిన లోకల్ కమిషనర్ అట. పాకెట్లు లెక్కపెట్టి, మూటలు కట్టి సీలేసి, ఇంగ్లీషులో ఎనభై పేజీల కట్ట చేతిలో పెట్టి పోయారు. "ఇంజనీరు కొడుకు ఉండె గదా" అని బాపు నాకు ఫోన్ చేశాడు.

"ఇండ్ల ఏమున్నదిరా?" అన్నాడు కాక.

"ఢిల్లీకి రమ్మంటున్నరు కాక."

"పోకపోతే?"

"మీరు లేకుండనే తీర్పు చెప్తరు."

"పోతే గెలుస్తనా?"

పాకెట్ వైపు చూశాను. "కష్టమే కాక."

"మరి పోయి ఏం లాభం?"

ఆయన ఏమీ తెలియని అమాయకుడని నేను చెప్పడం లేదు. ఆ పాకెట్ ఎందుకు అలా ఉందని అడిగితే, "తెల్వకనేం, తెలుసు. కవర్లు అచ్చేసి ఇచ్చేటోడు అవే తెచ్చిండు" అన్నాడు. ఇంజంక్షన్ పడాల్సిందే. పాకెట్లు పోవాల్సిందే. చేసుకున్న లాభం కక్కమన్నా నేను కాదనను. కానీ ఏడాదిన్నర తర్వాత వచ్చిన డిక్రీలో ఉన్న అంకె ఆయన ఏడాది సంపాదన కన్నా ఎక్కువ. అందులో శిక్ష భాగమే పెద్దది. అసలు నష్టం ఇంత అని తేల్చిన లెక్క నాకైతే ఒక్క పేరాలో కూడా కనపడలేదు. కవర్లు అచ్చేసినవాడి పేరు ఎక్కడా లేదు.

డెవ్లిన్ సూత్రం ఇక్కడ ఎలా తిరగబడిందో చూడండి. లాభం లెక్క చూసుకుని తప్పు చేసేవాడి కోసం పుట్టిన శిక్ష అది. ఉస్మాన్‌గంజ్‌కి వచ్చేసరికి, రైలు టికెట్టు, లాయర్ ఫీజు లెక్క చూసుకుని కోర్టుకి రానివాడి మీద పడింది.

అసలు హైదరాబాద్‌లో అమ్మిన పాకెట్‌కి ఢిల్లీలో కేసెందుకు? ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 134, కాపీరైట్ చట్టం సెక్షన్ 62 ప్రకారం దావా వేసేవాడు తాను ఉండేచోట, వ్యాపారం చేసేచోట వెయ్యొచ్చు. 2015లో సుప్రీంకోర్టు ఐపీఆర్ఎస్ కేసులో దీనికి కొంత కళ్ళెం వేసింది గానీ, ఢిల్లీలో ప్రధాన కార్యాలయం ఉన్న కంపెనీకి ఆ వీలు ఇప్పటికీ ఉంది. సాహిత్య పాఠకులకి నేను ప్రత్యేకంగా చెప్పాలనుకున్నది దీని వెనక కథ. కాపీరైట్ చట్టంలో ఈ వెసులుబాటు పెట్టింది రచయితల కోసం! హక్కులు దోచుకున్నవాడు ఎక్కడో దూరాన ఉంటే, అంత దూరం పోయి కేసు వెయ్యలేక రచయితలు ఊరుకుంటున్నారని 1950ల్లో పార్లమెంటు కమిటీ గుర్తించింది. పాపం, తన ఊళ్ళోనే వేసుకోనివ్వండి అంది. ఆ దయ ఇవాళ కార్పొరేట్ ఆఫీసులకి పక్కవీధిలోనే కోర్టు తెచ్చిపెట్టింది. టీ పొడి కాకని పదిహేను వందల కిలోమీటర్ల దూరం పిలిపిస్తోంది. తెలుగు రచయితలు దాన్ని ఎంత వాడుకున్నారో మీకూ నాకూ తెలుసు.

ఇంకో చిన్న సంగతి. ఢిల్లీ హైకోర్టులో నేరుగా దావా వెయ్యాలంటే దాని విలువ 2 కోట్లు దాటాలి. 2015 నుంచి ఇదీ నియమం. కాబట్టి అక్కడి దావాల్లో 2 కోట్లు పైబడిన అంకె కనిపిస్తే, నష్టం అంత జరిగిందని కాదు, ఆ గుమ్మం అంత ఎత్తుందని కూడా అర్థం.

మరి ఆ డబ్బు వసూలవుతుందా? ఢిల్లీ డిక్రీని హైదరాబాద్ కోర్టుకి బదిలీ చేయించుకోవాలి, ఆస్తి చూపించాలి, జప్తు అడగాలి. అద్దె కొట్టులో రెండు తూకాలు, ఒక సీలింగ్ మెషీన్ తప్ప ఏమీ లేనివాడి దగ్గర దానికోసం ఎవరు తిరుగుతారు? కంపెనీకి కావల్సింది పేపర్లో వార్త. కాక మాత్రం బ్యాంకు లోను అడగడానికి కూడా జంకుతూ బతుకుతున్నాడు. భయపెట్టడమే ఉద్దేశమనుకున్నా, భయపడాల్సిన పక్క కొట్లవాళ్ళు ఆ తీర్పు చదవలేదు. శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, ఎంత కచ్చితంగా పడుతుందన్నదే నేరాన్ని ఆపుతుందని ఇటలీలో బెకారియా 1764లోనే చెప్పాడు. మనం ఇంకా అంకె వెనకాల సున్నాలు పెంచుతూ కూర్చున్నాం.

వచ్చినవాళ్ళకి ఏం జరిగింది?

రానివాడి సంగతి చూశాం. వచ్చినవాళ్ళ సంగతి చూద్దాం.

మనందరికీ తెలిసిన పేరుతో మొదలుపెడతాను: ఈనాడు. బెంగళూరుకి చెందిన ఒక అగరుబత్తుల వ్యాపారి తన బత్తులకి ఆ పేరు పెట్టుకున్నాడు. కన్నడంలో 'ఈ నాడు' అంటే ఈ దేశం, ఈ సీమ అని అర్థం కదా అన్నాడు. పత్రిక యాజమాన్యం 1999లో హైదరాబాద్ సివిల్ కోర్టులో దావా వేసింది. ఒక తెలుగు మాట ఎవరిది అన్న ప్రశ్న హైకోర్టు మెట్లెక్కి, 2011 మార్చిలో సుప్రీంకోర్టులో తేలింది. పత్రికే గెలిచింది. ఆ పేరు మన నాలుక మీద ఎంత పాతుకుపోయిందో కోర్టు గుర్తించింది. ఆ తీర్పు సరైనదా, నిఘంటువులో మాటకి యజమాని ఉండొచ్చా అన్నది వేరే వ్యాసం. ఇక్కడ కావల్సింది ఒక్కటే. పన్నెండేళ్ళు ఇద్దరూ వాదించుకున్నారు, కన్నడ అర్థం, తెలుగు అర్థం అన్నీ బల్ల మీదకొచ్చాయి, చివరికి తీర్పు 'ఆ పేరు వాడొద్దు' దగ్గర ఆగింది. గ్యాంగ్‌స్టర్ అన్న మాట ఎవరికీ అవసరం పడలేదు.

రెండోది ఢిల్లీ యూనివర్సిటీలోని ఫోటోకాపీ కొట్టు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ 2012లో రామేశ్వరి ఫోటోకాపీ మీద దావా వేశాయి. పాఠ్యభాగాలు జిరాక్స్ తీసి విద్యార్థులకి అమ్ముతోందని. ఆ కొట్టు కూడా కాక కొట్టంతే. కానీ ఈసారి విద్యార్థులూ, అధ్యాపకులూ సంఘాలు కట్టి కేసులో చేరారు. 2016 సెప్టెంబరులో జడ్జి దావా కొట్టేశారు. డిసెంబరులో డివిజన్ బెంచ్ కొన్ని ప్రశ్నలు విచారణకి వెనక్కి పంపినా, పాఠం చెప్పడానికి అవసరమైన మేరకు కాపీ చేసుకోవచ్చన్న సూత్రం నిలిచింది. 2017 మార్చిలో పబ్లిషర్లే కేసు వదులుకున్నారు. ఆ సంఘాలు రాకపోయి, ఆ కొట్టాయన కాకలాగా "పోయి ఏం లాభం" అనుకునుంటే? అదే పని పైరసీ అయ్యేది. ఆయన ఒక డిక్రీలో దోషిగా మిగిలేవాడు. ఎక్స్‌పార్టీగా శిక్ష వెయ్యడం ఎందుకు ప్రమాదమో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు. అవతలివాడు మాట్లాడితే గానీ, అది తప్పో కాదో కూడా చట్టానికి తెలియదు.

మూడోది అమెజాన్. బెవర్లీ హిల్స్ పోలో క్లబ్ గుర్రం బొమ్మని పోలిన గుర్తు కేసులో 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు అమెజాన్ టెక్నాలజీస్ మీద పరిహారం, ఖర్చులు కలిపి సుమారు 339 కోట్లు వేసింది. విచిత్రం, ఆ కేసులో అమెజాన్ కూడా ఎక్స్‌పార్టీయే. చూశావా, పెద్దవాళ్ళకీ పడుతోంది అంటారా? ఆగండి. జులై 1న డివిజన్ బెంచ్ స్టే ఇచ్చింది. ఆ స్టే తప్పని నేననను. వినకుండా వేసిన అంత పెద్ద అంకె ఆగాల్సిందే. నేను అడిగేది ఒక్కటే: ఉస్మాన్‌గంజ్‌లో డివిజన్ బెంచ్ అంటే ఏమిటో తెలిసినవాడు ఎందరు?

మన సంగతి

"చిన్నవాడైతే దొంగతనం దొంగతనం కాదా?" అని అడిగేవాళ్ళు ఉంటారు. దొంగతనమే. అందుకే ఆపమంటున్నాను, సరుకు పట్టుకోమంటున్నాను, లాభం కక్కించమంటున్నాను. శిక్ష మాత్రం లెక్క వేయగల స్థోమతని బట్టి ఉండాలంటున్నాను. ఇక ఇంకో ప్రశ్న: "మరి తెలుగు రచయిత గతేమిటి?" అది మంచి ప్రశ్న. పెద్ద అంకెల వాదన మనకి పనికిరాదని తేలేది కూడా అక్కడే.

200 రూపాయల పుస్తకం. పది శాతం రాయల్టీ అనుకుందాం, అదీ ఇస్తే. కాపీకి 20 రూపాయలు. పీడీఎఫ్ వెయ్యిమంది దింపుకున్నారనీ, ఆ వెయ్యిమందీ లేకపోతే కొనేవాళ్ళేననీ అనుకుందాం (ఇది మన ఆశ). రచయిత నష్టం 20,000. లాయర్ మొదటి నోటీసుకీ, రెండు వాయిదాలకీ అది అయిపోతుంది. పోనీ కమర్షియల్ కోర్టులో త్వరగా తేలుతుందేమో అంటే, 2018 నుంచి అక్కడికి వెళ్ళాలంటే దావా విలువ కనీసం 3 లక్షలుండాలి. అంటే తెలుగు రచయిత ముందు తన నవల హక్కు 3 లక్షలు చేస్తుందని తానే ప్రకటించుకోవాలి. ఆ అంకె మీద కోర్టు ఫీజు కట్టాలి. మన రచయితల్లో అంత ఆత్మవిశ్వాసం ఎవరికుంది చెప్పండి?

సినిమా కథల సంగతి చూడండి. 2015లో వచ్చిన 'శ్రీమంతుడు' స్వాతి పత్రికలో వచ్చిన తన నవలకి కాపీ అని ఒక రచయిత నాంపల్లి కోర్టుకి వెళ్ళారు. ఆ ఆరోపణ నిజమో కాదో తేల్చాల్సింది కోర్టు, నేను కాదు. కానీ కేలండర్ చూడండి. క్రిమినల్ విచారణ ఆపమన్న దర్శకుడి అభ్యర్థనలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనన్నది 2024 జనవరిలో. విచారణ జరగొచ్చు అని తేలడానికే సినిమా వచ్చి ఎనిమిదిన్నరేళ్ళు. టీ పొడి కాక కేసు ఏడాదిన్నరలో ముగిసింది. ఆ రచయిత ఆరోపణ అబద్ధమైతే దర్శకుడికి, నిజమైతే రచయితకి, ఎటు చూసినా ఈ ఎనిమిదిన్నరేళ్ళే శిక్ష.

అమెరికా దారి చూద్దామా? అక్కడ చట్టమే అంకె రాసిపెట్టింది. నష్టం రుజువు చెయ్యక్కర్లేదు. ఒక్కో రచనకి 750 డాలర్ల నుంచి 30,000 దాకా, కావాలని చేస్తే 1,50,000 దాకా. ఇది రెండు వైపులా పదునున్న కత్తి. మిన్నెసోటాలో జామీ థామస్ అనే ఆవిడ 24 పాటలు పంచినందుకు ఒక జ్యూరీ 2,22,000 డాలర్లు వేసింది, రెండోది 19 లక్షల డాలర్లు, మూడోది 15 లక్షలు. 2012లో అప్పీలు కోర్టు తిరిగి 2,22,000కే తెచ్చింది. పాటకి 9,250 డాలర్లు! అక్కడి కాక ఆవిడ.

అదే కత్తి 2025లో ఇంకోవైపు తిరిగింది. పైరసీ సైట్ల నుంచి పుస్తకాలు దింపుకుందని రచయితలు వేసిన దావాలో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ 150 కోట్ల డాలర్లకి రాజీకొచ్చింది. సుమారు 5 లక్షల పుస్తకాలు, ఒక్కోదానికి దాదాపు 3,000 డాలర్లు. మా ఆఫీసు కేంటీన్లో దీన్ని వింతగా చెప్పుకున్నారు. ఇందులో వింతేం లేదు. విచారణ దాకా పోతే పుస్తకానికి ఎంత పడొచ్చో చట్టంలో ముందే రాసుంది. గుణకారం ఎవరైనా చెయ్యగలరు. లెక్క వేయగలవాడి ముందు లెక్క పెట్టారు, అంతే. డెవ్లిన్ సూత్రం సరైన చోట పనిచెయ్యడం అంటే ఇదే.

కానీ ఆ డబ్బులో వాటా కావాలంటే ఆ పుస్తకం అమెరికా కాపీరైట్ ఆఫీసులో గడువులోపల రిజిస్టరై ఉండాలి. కాచిగూడ నవోదయలో అమ్ముడుపోయే మన 500 కాపీల కవితా సంపుటాల్లో అలాంటివి ఎన్నుంటాయి? మన దేశంలో కాపీరైట్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రాసిన క్షణం నుంచే హక్కు మనది. హక్కు వెంటనే పుడుతుంది, పైసా మాత్రం ఎప్పటికీ రాదు.

కాబట్టి వేదికల మీది పెద్దలకి నా మనవి. కోట్లు అడక్కండి. కోట్లు అడిగితే అవి కోట్లున్నవాడికే వస్తాయి. అడగాల్సినవి చిన్నవి.

ఒకటి, రచయిత తన రచన కాపీ అయిందని రుజువు చేస్తే చాలు, నష్టం లెక్క చెప్పక్కర్లేకుండా చట్టమే కనీస మొత్తం ఇవ్వాలి. పాతిక వేలో, యాభై వేలో. లాయర్ ఖర్చు పోను ఏదో మిగలాలి. అది ఎంతన్నది ముందే తెలిసుండాలి.

రెండు, ఆపైన వేసే శిక్షకి కాపీ చేసినవాడి స్థోమత, దాంతో చేసుకున్న వ్యాపారం కొలబద్ద కావాలి. చిల్లరగా అమ్మేవాడికి ఒక పైహద్దు. అచ్చేసేవాడికి, పంపిణీదారుకి, సినిమా తీసేవాడికి, సర్వర్లు నడిపేవాడికి రెట్లు.

మూడు, అవతలివాడు రాని కేసులో శిక్ష వద్దు. ఇంజంక్షన్ ఇవ్వండి, సరుకు జప్తు చెయ్యండి, రుజువైన నష్టం ఇప్పించండి. శిక్ష కావాలంటే 2014 బెంచ్ చెప్పినట్టు ముందు నష్టం తేల్చండి, అతన్ని అతని ఊళ్ళో, అతనికి అర్థమయ్యే భాషలో రాసిన కాగితంతో పిలవండి.

నాలుగు, సెక్షన్ 62ని దాని అసలు యజమానికి తిరిగివ్వండి. సొంత ఊళ్ళో దావా వేసే వెసులుబాటు మనిషికి, రచయితకి ఉండాలి. కంపెనీలు తప్పు జరిగిన చోటికి రావాలి. ఉస్మాన్‌గంజ్ దాకా వచ్చి టీ పాకెట్లు లెక్కపెట్టగలిగిన కంపెనీ, సిటీ సివిల్ కోర్టు దాకా నడవలేదా?

ఐదు, శిక్షగా వేసిన డబ్బు దావా వేసినవాడికే పోవాలని ఎక్కడుంది? అతని నష్టం అతనికి ముట్టింది. శిక్ష సమాజం తరఫున వేశామంటున్నారు కదా, సమాజానికే ఇవ్వండి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ఎలాగూ కడుతున్నాం. ఆ ఖాతాలోనే వెయ్యండి. దొంగ పుస్తకం మీద వేసిన జరిమానాతో అసలు పుస్తకాలు కొంటారు.

వీటిలో ఏదీ చప్పట్లు కొట్టించే డిమాండు కాదని తెలుసు. పాతిక వేల కనీస పరిహారం అని మైకులో చెప్తే హాలు ఊగదు. కానీ మన కథ ఎత్తుకుపోయినవాడికి ఈ చట్టం ఇప్పటిదాకా భయం కలిగించలేదు. భయం కలిగినచోట అది మనకి ఏ అపకారమూ చెయ్యని టీ పొడి కాక గుండెలో కలిగింది. ఇంకో సభలో ఎవరైనా కోట్ల జరిమానా అంటే, చప్పట్ల కంటే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఆ కేసులో అవతలి కుర్చీలో ఎవరైనా కూర్చున్నారా?